కొత్త ఖాతాలో తొలి పోస్టుకు ముందే సరిచూసుకోవలసినవి

ఈ మధ్య కావలి వైపు ఇంటి నుంచే చీరలు అమ్ముకొనే ఒక మహిళ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా అన్యుల చేతిలో పడింది. ఆమె పేరుతోనే పాత కొనుగోలుదారులకు సందేశాలు వెళ్లాయి, ముందుగా డబ్బు కట్టమంటే కొందరు నమ్మి కట్టారు కూడా. పాస్‌వర్డ్ మార్చుకుందామంటే కోడ్ ఆమెకు రాదు, ఎందుకంటే ఫోను కొన్న రోజున సెల్ షాపు కుర్రవాడు తన మెయిల్ ఐడీతోనే ఆ ఖాతా తెరిచిపెట్టి, తరువాత పని మాని చెన్నై వెళ్లిపోయాడు.

ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్న సంగతి అందరికీ తెలిసిందే కనుక దాని జోలికి వెళ్లను. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు గట్టున వీడియోలు తీయాలనుకొనేవారైనా, ఉదయగిరి చెక్క గరిటెలు అమ్మాలనుకొనేవారైనా ముందు చూడవలసింది ఒక్కటే: ఖాతాకు కట్టిన మెయిల్, ఫోను నంబరు మీవేనా? వీడియోలో కనిపించే ముఖం ఎవరిదైనా, కోడ్ అందుకొనేవాడి చేతిలోనే ఖాతా ఉంటుంది.

మీ నంబరే అయినా, వాడకుండా మూలన పడేసిన సిమ్ పనికిరాదు. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు అసలు వాడకపోతే, రీఛార్జి లేకుండా వదిలేస్తే, కంపెనీ దానిని రద్దు చేయవచ్చు. ఆ నంబరు కొంతకాలానికి వేరొకరికి వెళితే మీ కోడ్ కూడా వారికే వెళుతుంది. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ సెంటర్‌లో పర్సనల్ డిటెయిల్స్ తెరిచి, అక్కడున్న మెయిల్‌నూ నంబరునూ అక్షరం అక్షరం చదవండి. మేనల్లుడిదైనా సరే, తీసివేసి మీది పెట్టండి.

పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. ఫోను చేతిలో లేనప్పుడు వాడుకొనేందుకు గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను కాగితంపై రాసి బీరువాలో ఉంచండి, ఫోను పోయిన రోజున ఫోనులో తీసిపెట్టుకున్న వాటి ఫోటో అక్కరకు రాదు. యూట్యూబ్‌లో ఎడిటింగ్ చేసే కుర్రవాడికి పాస్‌వర్డ్ ఇవ్వకండి, ఛానెల్ పర్మిషన్స్‌లో ఎడిటర్‌గా చేర్చండి. కెమెరా లొకేషన్ ఆపండి. పదమూడేళ్లు నిండని పిల్లల పేరుతో ఖాతా తెరవకండి. ఫాలోవర్లను కొనకండి. కాపీరైట్ ఉల్లంఘించారంటూ వచ్చే లింకును నొక్కకండి. బ్లూ టిక్ ఇప్పిస్తామనేవాడికి రూపాయి కూడా కట్టకండి. షాపువాడి మెయిల్ ఇంకా ఉందేమో మళ్లీ చూడండి. సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరును ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఎక్కించండి, డబ్బు పోతే బ్యాంకు తెరిచేదాకా ఆగకుండా ముందు దానికే ఫోన్ చేయండి.