టీచింగ్ ప్రాక్టీస్‌కి బడిలో అడుగుపెట్టే ముందు

గుంటూరులో బీఈడీ చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, లెసన్ ప్లాన్ రాయకముందే ఇవి చూసుకోండి.

• ఒకరోజు ముందే వెళ్లి క్లాస్ టీచర్‌గారిని అడగండి: ఇంట్లో ఉర్దూనో లంబాడీనో మాట్లాడే పిల్లలెవరు? మిర్చి కోతలకి వలస వచ్చినవాళ్ల పిల్లలున్నారా? ఏడాది మధ్యలో చేరినవాళ్లకి వెనకటి పాఠాలు అంది ఉండవు. "ఇది కూడా రాదా?" అన్న మాట మాత్రం నోట రానీయకండి.

• వినికిడి తక్కువున్న పాపని ముందు బెంచీలో కూర్చోబెడితే సరిపోదు. బోర్డు వైపు తిరిగి మాట్లాడితే మీ పెదాలు కనపడవు. మొదటి వారమంతా నేను చేసిన తప్పు అదే. ఆ పిల్ల నోట్సు తెరిచిపెట్టుకుని, పాపం, నా వీపు వైపే చూస్తూ కూర్చునేది. రాయడం ఆపి, ఇటు తిరిగి, అప్పుడు చెప్పండి.

• 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. డిస్లెక్సియా (చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బంది) లాంటివి పైకి కనపడవు. అక్షరాలు తారుమారు చేసే బాబుని బద్ధకస్తుడనకండి. అలాగని మీరే జబ్బు పేరూ పెట్టేయకండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలోని ప్రత్యేక టీచర్‌తో మాట్లాడండి.

• బోర్డు మీద రాసింది చివరి బెంచీలో కూర్చుని ఒకసారి చదివి చూడండి.

• హాజరు పట్టీలో పేర్లు ముందే పలికి చూసుకోండి. తప్పు పలికితే క్లాసంతా నవ్వుతుంది, ఆ పిల్లాడు తలెత్తడు.