ఎండను ఓర్చే పెరటి మూలికలు – రెండవ పాఠం: వాము విత్తడం

గత పాఠంలో కుండీని, మట్టిని సిద్ధం చేసుకున్నాము కనుక ఇప్పుడు విత్తనానికి వద్దాము. ముందుగా ఒక పేరు తికమక తీర్చుకోవాలి. మన ఇళ్లలో వామాకు అని పిలుచుకుంటూ బజ్జీలు వేసుకునే మందపాటి నూగు ఆకుల మొక్క నిజానికి కర్పూరవల్లి. దానిని కొమ్మ గుచ్చి పెంచుకుంటాము. వంటింటి డబ్బాలోని వాము ధనియాల, జీలకర్ర కుటుంబానికి చెందినది. దాని ఆకులు సన్నని పోగుల్లా చీలి ఉంటాయి, తెల్లని పూలు చిన్న గొడుగుల్లా విచ్చుకుంటాయి. కర్నూలు ప్రాంతపు నల్లరేగడిలో రైతులు దీనిని వర్షాధారంగా, వానాకాలం చివర విత్తుతారు. తరువాత నేలలో నిలిచిన తేమే పంటకు ఆధారం. గుంటూరు లాం పరిశోధన స్థానం లాం సెలక్షన్-1 అనే రకాన్ని కూడా విడుదల చేసింది. ఇంట్లో విత్తడానికి సెప్టెంబరు, అక్టోబరు నెలలు అనువైనవి.

కిరాణా కొట్టు వాము మొలవవచ్చు, కాని అది వేయించనిదై, కొత్త పంటదై ఉండాలి. అరచేతిలో నలిపినప్పుడు ఘాటు రాకపోతే ఆ గింజలు పాతబడ్డాయని భావించి పక్కన పెట్టండి. మంచి గింజలను రాత్రి నీటిలో నానబెట్టి, ఉదయం ఆ నీటిని పారబోసి, నీడలో కొద్దిగా ఆరబెట్టి, నాలుగింతలు పొడి ఇసుకలో కలపండి. లేకపోతే చిన్న గింజలు ఒకేచోట గుంపుగా పడతాయి. పైన అర సెంటీమీటరుకు మించకుండా మట్టి చల్లాలి. వాము తల్లివేరు కదిలిస్తే కోలుకోదు కనుక నారు పోసి మార్చే ఆలోచన మానుకొని, కనీసం 30 సెంటీమీటర్ల లోతున్న కుండీలోనే నేరుగా విత్తండి.

చాలామంది తప్పు చేసేది దీని తరువాతే. కరవును ఓర్చే మొక్క కదా అని మొదటి రోజు నుంచే నీరు తగ్గిస్తారు. ఎండను ఓర్చే శక్తి లోతుకు దిగిన వేరుది. ఒక్క అంగుళం వేరు మాత్రమే ఉన్న మొలకకు ఒక మధ్యాహ్నపు ఎండ చాలు, వాలిపోవడానికి. మొలకలు కనిపించడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అంతవరకు పైమట్టి ఆరకూడదు. చెంబుతో పోస్తే గింజలు కొట్టుకుపోతాయి కనుక కుండీని నీళ్ల పళ్లెంలో పెట్టి, అడుగు రంధ్రాల నుంచి తేమ పైకి ఎక్కనివ్వండి. పైభాగం చెమ్మగిల్లగానే తీసేయండి. ఎప్పుడూ పళ్లెంలోనే వదిలేస్తే నారుకుళ్లు వస్తుంది, కాండం మొదట్లో మెత్తబడి మొలకలు రాత్రికి రాత్రే ఒరిగిపోతాయి.

మొలకకు మొదట వచ్చే జంట ఆకుల (బీజదళాల) తరువాత నాలుగు అసలు ఆకులు రాగానే పద్ధతి మార్చాలి. జానెడు ఎడంలో బలమైన మొక్కలను ఉంచి మిగిలినవాటిని కత్తెరతో కత్తిరించండి. పీకితే పక్క వేళ్లు కదులుతాయి. (కత్తిరించిన లేత ఆకులు మజ్జిగలోకి బాగుంటాయి.) అప్పటి నుంచి రెండు వేలి కణుపుల లోతున మట్టి పొడిగా తగిలినప్పుడే, అడుగు నుంచి కారేదాకా నీరు పోయండి. నీరు పోసిన తేదీలను రాసి పెట్టుకోండి. ఆ రెండు తడుల మధ్య ఎడం ఎంతవరకు పెంచవచ్చునో వచ్చే పాఠంలో మీ లెక్కతోనే చూద్దాము.