పాత కారు ఆయిల్ తాగేస్తోందా? ఇంజిన్ దించే ముందు ఇవి చూడండి

లక్షన్నర కిలోమీటర్లు దాటిన పెట్రోల్ కారులో ఆయిల్ తగ్గుతోందని ఎవరైనా "ఇంజిన్ దించాలి" అంటే టెన్షన్ పడి ఒప్పేసుకోకండి, ముందు ఎంత పోతోందో లెక్క తేల్చండి. చదునైన చోట ఇంజిన్ ఆపి, పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ పైగీత దాకా ఆయిల్ నింపి, మీటర్ రీడింగ్ రాసుకోండి. 500 కిలోమీటర్లు తిరిగాక అదే చోట మళ్ళీ చూడండి. చాలా కార్లలో డిప్‌స్టిక్ మీది రెండు గీతల మధ్య తేడా సుమారు లీటరు, దాన్నిబట్టి ఎంత పోయిందో అంచనా వేయొచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న: కారుతోందా, కాలుతోందా? రాత్రి ఇంజిన్ కింద అట్ట పరచండి. మరకలుంటే పైనుంచి కిందికి వెతకండి, ఎందుకంటే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై మూత కింద ఉండే సీల్) దగ్గర కారిన ఆయిల్ జారుకుంటూ వచ్చి ఇంకెక్కడో చుక్క పడుతుంది. ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు, ప్రెషర్ స్విచ్ కూడా చూడండి. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట తడి ఉంటే క్రాంక్‌షాఫ్ట్ వెనక సీల్ మీద అనుమానం.

అట్ట శుభ్రంగా, ఇంజిన్ పొడిగా ఉంటే పొగ చూడాలి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే, లేదా ఘాట్ దిగి మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కగానే నీలం పొగ గుప్పున వచ్చి ఆగిపోతే ఎక్కువగా వాల్వ్ సీల్స్ (వాల్వుల పక్కనుంచి ఆయిల్ సిలిండర్‌లోకి జారకుండా ఆపేవి) పోయినట్టు. ఎత్తు ఎక్కుతున్నంతసేపూ వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు. పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపల చేరే ఆవిర్లను బయటికి లాగే చిన్న వాల్వ్) మూసుకుపోయినా ఆయిల్ పోతుంది, అది చవక కాబట్టి ముందు దాన్నే చూపించండి.

ఆ తర్వాతే కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి వస్తోందో కొలవడం. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలవమనండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులు అరిగినట్టే, పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. ఈలోగా ఆయిల్‌ను కింది గీత కంటే తగ్గనివ్వకండి.