కబడ్డీలో టెక్నికల్ పాయింటు: గొడవ ఎక్కడ పుడుతుంది, ఎలా సర్దాలి

సంక్రాంతి పోటీలు రణస్థలం పక్కన జరిగినా, చీపురుపల్లి వైపు జరిగినా, పట్టు కుదిరిందా లేదా అన్న తగువు అరనిమిషంలో తేలిపోతుంది. నియమం తప్పినందుకు ఎదుటి జట్టుకిచ్చే టెక్నికల్ పాయింటు మీద తగువైతే పెద్దమనుషులు కోర్టులోకి దిగేదాకా పోతుంది. అవుటా, టెక్నికలా అని తేల్చుకోకుండా విజిల్ ఊదడం వల్లే ఇలా అవుతుంది. అవుటిస్తే ఎదుటి జట్టుకి పాయింటుతో పాటు బయట కూర్చున్నవాడు ఒకడు లోపలికొస్తాడు. టెక్నికల్ ఇస్తే పాయింటు మాత్రమే, మనిషి రాడు.

సమస్య: "రిఫరీ బాబూ, ఆడు కూతెయ్యనేదు!"

ఈ ఒక్క అరుపు వెనక మూడు వేర్వేరు తప్పులుండొచ్చు. రైడరు (కూతకెళ్లేవాడు) మధ్య గీత దాటాక కూత ఎత్తుకుంటే వెనక్కి పంపండి. ఎదుటి జట్టుకి ఒక టెక్నికల్ పాయింటు, కూతకెళ్లే వంతు ఇవ్వండి. 'కబడ్డీ' బదులు 'చెడుగుడు' అన్నా ఇదే తీర్పు. పాత అలవాటున్న ఊళ్లలో ఇది మామూలే కాబట్టి టాస్ దగ్గరే చెప్పేయండి. మూడోది వేరు: కూతతోనే వెళ్లి, ఎదుటి కోర్టులో ఉండగా కూత తెగితే అది అవుట్.

తీర్పు తప్పడానికి కారణం ఎక్కువసార్లు అంపైరు నిలబడ్డ చోటే. రైడరు వెనక నుంచి చూస్తే కాలు కనిపిస్తుంది, నోరు కనిపించదు. మధ్య గీతకి సూటిగా, సైడ్ లైన్ బయట నిలబడితే రెండూ అందుతాయి. కాలు గీత దాటి పడగానే ఊదండి. ఇద్దర్ని ముట్టాక గుర్తొచ్చి ఊదితే ఎంత సరైన తీర్పైనా ఎవడూ ఒప్పుకోడు. అలా వెనక్కి పంపినవాణ్ని డిఫెండర్లు వెంటపడి పట్టకూడదు, పట్టినా దానికి పాయింటు లేదు.

కూత వినపడకపోతే కామెంటరీ మైకు సంగతి చూడండి. కూత నడుస్తున్నంతసేపూ మైకు కట్టేయమనండి, స్పీకర్లని జనం వైపు తిప్పించండి.

సమస్య: కోర్టులో మనుషుల లెక్క కుదరడం లేదు

నలుగురుండాల్సిన చోట అయిదుగురున్నారంటే స్కోరరు టెక్నికల్‌కో బోనస్‌కో (రైడరు బోనస్ గీత దాటితే వచ్చే పాయింటు) మనిషిని లోపలికి పంపేశాడన్నమాట. ఆ రెండింటికీ రివైవల్ లేదు, అంటే అవుటైనవాడు లోపలికి రాడు. స్కోరు కాగితంలో టెక్నికల్ పాయింట్లకి వేరే గడి గీయించండి. ఇద్దరు అసిస్టెంట్ స్కోరర్లు చెరో జట్టులో అవుటైనవాళ్ల నంబర్లు వరసగా రాసుకోవాలి. ముందు అవుటైనవాడే ముందు లోపలికి రావాలి. ప్రతి కూతకీ ముందు డిఫెండర్లని లెక్కపెట్టడం అంపైరు పని. ఆరుగురికి తగ్గితే బోనస్ ఉండదు కాబట్టి ఆ లెక్క ఎలాగూ కావాలి.

సమస్య: రైడరు ఆలస్యంగా వస్తున్నాడు

వంతు వచ్చాక 5 సెకన్లలో రైడరు కూతకెళ్లాలి. లేకపోతే ఎదుటివాళ్లకి టెక్నికల్. మనసులో లెక్కపెట్టుకుంటే తగువు ఖాయం, చెయ్యెత్తి వేళ్లు మడుస్తూ లెక్కపెట్టండి. అంతకుముందు కూత మీద తీర్పు చెప్పడానికి మీరే ఆలస్యం చేస్తే, చెప్పాకే లెక్క మొదలుపెట్టడం న్యాయం.

సమస్య: "ఎనక్కొచ్చీరా!" అని సొంత జట్టే అరుస్తోంది

రైడరుకి తనవాళ్లు సలహా ఇస్తే ఎదుటి జట్టుకి టెక్నికల్. బెంచి మీదవాళ్లూ ఆ జట్టువాళ్లే. జనం అరుపులకి మాత్రం పాయింటివ్వడానికి లేదు. చిక్కేమిటంటే ఆటగాళ్ల దోస్తులంతా గీతకి ఆనుకునే కూర్చుంటారు. అందుకని జనాన్ని తాడు కట్టి దూరం జరిపించండి. ఎవరన్నారో కళ్లారా చూడకుండా పాయింటివ్వొద్దు.

టైమవుట్‌లు ఆట ఒక్కో సగంలో జట్టుకి రెండు, ఒక్కోటి 30 సెకన్లు. ఆ సమయంలో జట్టు కోర్టు వదిలి వెళ్తే అదీ టెక్నికలే. నీళ్లు కోర్టు దగ్గరికే తెప్పించండి.

ఇవన్నీ చేసినా ఆలస్యం కూత తగువులు తగ్గకపోతే

గీత చూడండి. కళింగపట్నం వైపు ఇసక నేలల్లో మధ్య గీత చూస్తుండగానే చెరిగిపోతుంది, ఆ తర్వాత అంతా ఊహే. ముందురోజు సాయంత్రం నేల తడిపి అణగ్గొట్టించండి. గీతలు 3 నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పున ముగ్గుపిండితో వేయించండి. సున్నమైతే కళ్లలో పడి మండుతుంది. తాడు పాతితే కాలివేళ్లు ఇరుక్కుంటాయి. హాఫ్‌టైమ్ 5 నిమిషాల్లో మిగతావి వదిలేసినా మధ్య గీత మాత్రం మళ్లీ వేయించండి.