పాత సీడీ మొరాయిస్తోందా? ఒకసారి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టి చూడండి

చెన్నైలో మా ఇంటి బీరువా పైఅరలో ఓ సీడీల పౌచ్ ఉంది. అక్క పెళ్లి వీడియో, నా కాలేజీ ప్రాజెక్టు, అన్నీ 2004–06 నాటివి. మొన్న తీసి చూస్తే సగం మొరాయించాయి.

సమస్య: ఖాళీ డిస్క్ అంటోంది

ముందు డ్రైవ్‌నే అనుమానించండి. లెన్స్ మీద దుమ్ము చేరితే మంచి సీడీ కూడా చదవదు. ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో అడిగితే యూఎస్‌బీ డీవీడీ రైటర్ (డిస్క్ మీద రాయగల డ్రైవ్) దొరుకుతుంది. ఫైనలైజ్ చేయని డిస్క్ (రాశాక చివర్లో ముగించి మూసేయనిది) అయితే మామూలు ప్లేయర్లో కాదు, రైటర్లోనే పెట్టాలి.

సమస్య: కొన్ని ఫైళ్లు వచ్చి, మధ్యలో ఆగిపోతోంది

కింది వైపు వేలిముద్రలో, బూజో, గీతలో ఉంటాయి. బూజుంటే గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి తుడవండి. మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవాలి, పళ్లెం తోమినట్టు గుండ్రంగా కాదు. డేటా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అడ్డంగా పడిన చిన్న గీతని డ్రైవ్ సర్దుకుంటుంది, చుట్ట వెంబడి పడినదాన్ని సర్దుకోలేదు.

తర్వాత కాపీ-పేస్ట్ చేయకండి. విండోస్‌లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌లో డీడీరెస్క్యూ అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది. బాగున్న భాగాలు ముందు లాగేసి, చెడినవాటి దగ్గరకి తర్వాత మళ్లీ మళ్లీ వెళ్తుంది.

సమస్య: వెలుతురుకి పట్టితే సూదిమొనంత చుక్కలు

ఇది అసలు జబ్బు. సీడీ మందం 1.2 మి.మీ. ఐతే డేటా ఉండేది లేబుల్ వైపే, పల్చటి వార్నిష్ కింద. మనం రాసుకునే సీడీల్లో చాలావాటికి మెరిసే పొర వెండి. పూజగదిలో వెండి కుంది నల్లబడినట్టే తేమకి ఇదీ పాడవుతుంది, మన సముద్రపు గాలి సంగతి చెప్పేదేముంది! పోయిన పొర తిరిగి రాదు. గీతలు పోవాలని టూత్‌పేస్ట్ రుద్దే చిట్కాలు ఇక్కడ దండగ. మిగిలినది డీడీరెస్క్యూతో వెంటనే లాగేయండి.

డీవీడీకి ఈ బెడద తక్కువ. 0.6 మి.మీ. పలకలు రెండింటి మధ్య డేటా ఉంటుంది. అక్కడ చూడాల్సింది అంచుల్లో జిగురు విడిందా అని.

స్టిక్కర్ మాత్రం పీకకండి. పెళ్లి సీడీ మీద జంట ఫోటో స్టిక్కర్ మూల లేచిందని నేను లాగాను. వెండి పొర దానికే అంటుకుని వచ్చేసింది, గోరంత మేర అద్దంలా తేటగా మిగిలింది. డీడీరెస్క్యూ రాత్రంతా నడిచింది. వీడియో జీలకర్ర-బెల్లం దగ్గర గళ్లుగళ్లుగా చెదిరి, తలంబ్రాలకి తేరుకుంది. అక్కకి అదే చాలట.