గనుల నగరంలో ఫిన్‌టెక్ పనిచేసిందో లేదో తేల్చడం ఎలా?

బొగ్గు మీదో, చమురు మీదో బతికే నగరంలో ఫిన్‌టెక్ (ఫోన్, ఇంటర్నెట్ ద్వారా అందే చెల్లింపులు, అప్పుల వంటి ఆర్థిక సేవలు) వచ్చాక పరిశ్రమలు మారాయా అని తేల్చాలంటే, ముందు అది ఎలాంటి నగరమో చూడండి. నేను ఎక్కువగా చైనా లెక్కలతో పనిచేస్తాను. అక్కడి ప్రభుత్వం 2013లో 262 వనరుల నగరాలను గుర్తించి, నాలుగు రకాలుగా విడదీసింది: ఎదుగుతున్నవి 31, నిలదొక్కుకున్నవి 141, క్షీణిస్తున్నవి 67, కోలుకున్నవి 23. వీటన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. నిల్వలు అడుగంటిన చోట కొత్త దారి వెతకక తప్పదు. గని నిండుగా ఉన్నచోట ఆ తొందర తక్కువ.

ఫిన్‌టెక్ ఎంత పాకిందో చూడటానికి పెకింగ్ విశ్వవిద్యాలయం వారి డిజిటల్ ఆర్థిక సేవల సూచీ ఉంది, దాని లెక్కలు 2011 నుంచీ దొరుకుతాయి. మొత్తం అంకె చూసి సరిపెట్టుకోకండి. ఫోన్‌తో డబ్బు చెల్లించినంత మాత్రాన ఫ్యాక్టరీ పుట్టదు కదా. నేనైతే అందులో అప్పుల భాగాన్ని విడిగా తీసి చూస్తాను.

అసలు చిక్కంతా పరిశ్రమల మార్పును కొలిచే దగ్గర వస్తుంది. సేవారంగం విలువను పరిశ్రమల (గనులూ ఇందులోనే) విలువతో భాగించి, ఆ నిష్పత్తి పెరిగితే నగరం మారిపోయిందని చాలామంది రాసేస్తారు. ఉదాహరణకు పరిశ్రమలు 60, సేవలు 30 అనుకోండి. నిష్పత్తి 0.5. బొగ్గు ధర పడి పరిశ్రమలు 40కి దిగాయి, సేవలు అక్కడే ఉన్నాయి. నిష్పత్తి 0.75 అయింది, కొత్తగా ఒక్క దుకాణం తెరవకపోయినా! చైనాలో 2012 నుంచి 2015 దాకా బొగ్గు ధరలు బాగా పడ్డాయి. మొబైల్ చెల్లింపులు ఊపందుకున్నదీ ఆ రోజుల్లోనే. రెండిటినీ పక్కపక్కన పెడితే ఫిన్‌టెక్కే నగరాన్ని మార్చినట్టు కనిపిస్తుంది. అందుకే బొగ్గు ధరను లెక్కలో కలపండి, గనులకు బయట ఉద్యోగాలు పెరిగాయా అని విడిగా చూడండి.

తర్వాత అప్పు ఎవరికి అందిందో వెతకండి. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని చిన్న వ్యాపారికి లావాదేవీల చరిత్ర చూసి అప్పివ్వడమే ఫిన్‌టెక్ బలం. 2015లో మొదలైన చైనా ఆన్‌లైన్ బ్యాంకు మైబ్యాంక్ పద్ధతి ఇదే: దరఖాస్తుకు 3 నిమిషాలు, మంజూరుకు 1 సెకను, మధ్యలో మనిషి ఉండడు. కానీ ఆ డబ్బు గని యంత్రాలు బాగుచేసే వాళ్లకో, బొగ్గు లారీల యజమానులకో వెళితే పాత పరిశ్రమే ఇంకా బలపడుతుంది. ఇది నన్ను నిజంగా కలవరపెట్టే విషయం, చాలా అధ్యయనాలు దీన్ని పట్టించుకోవు. రంగాలవారీగా అప్పుల వివరాలు దొరక్కపోతే, కొత్తగా నమోదైన సంస్థల జాబితా తీసుకుని, వాటిలో గనినే నమ్ముకున్నవేవో ఒక్కొక్కటిగా చూసి పక్కన పెట్టండి. మిగిలినవాటినే లెక్కించండి.