కథ రాయడం నేర్చుకుందాం – 7: పైనుంచి చెప్పినారంట

ఈ వారం సంభాషణల పాఠం చెప్పాల్సింది. దాన్ని పక్కన పెడుతున్నాను. పోయినసారి మీకిచ్చిన పని, కథలో ఒక్కసారి కూడా కనపడని ముఠా నాయకుణ్ణి పెట్టి రెండు పేజీలు రాయమన్నది, చాలామందిని ఒకేచోట పడగొట్టింది. వచ్చినవన్నీ రెండేసిసార్లు చదివాను.

ఎర్రచందనం స్మగ్లింగ్ నేపథ్యం తీసుకోమన్నది నేనే. కారణం ఉంది. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి దగ్గర అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వాళ్ళు తమిళనాడు కూలీలు. ఎర్రచందనం దుంగలు ఎవరి కోసం కొడతారో ఆ మనుషులు శేషాచలంలో అడుగు పెట్టరు. మన ఊరి కథకుడికి ఇంతకంటే దగ్గరి విషయం దొరకదు.

చీకటి గది, తిరిగే కుర్చీ, వెనకనుంచి తల, సిగరెట్ పొగ. ఇవి రాసినవాళ్ళు ముఖం దాచారు, మనిషిని దాచలేదు. కొట్టేయండి. దీని గురించి ఇంతకంటే చెప్పను.

ఒక మంచి పేజీ వచ్చింది. మామండూరు అడవిలో రాత్రి. అలసిపోయిన కుర్రాడు ఒకడు దుంగ మీద కూర్చోబోతాడు. మేస్త్రీ వాడి చెయ్యి పట్టి లేపుతాడు. ‘‘దానిమీద వద్దురా, అది లెక్కలో ఉంది’’ అంటాడు. అంతే. ఫారెస్టువాళ్ళకే భయపడని మేస్త్రీ ఆ ఒక్కమాట మాత్రం గొంతు తగ్గించి అంటాడు. ఎక్కడో కూర్చుని ఎవరో ఈ అడవిలోని ఒక్కో దుంగనీ లెక్కపెట్టుకుంటున్నారని మనకి తెలిసిపోతుంది.

ఇప్పుడు నన్ను బాధపెట్టిన సంగతికి వస్తాను. క్రియ.

ఒకరు కథ చివర ముఠాని నడిపేది చీరల కొట్టు పెట్టుకున్న ఒక పెద్దావిడ అని బయటపెట్టారు. ఆలోచన చాలా బాగుంది. కానీ రెండో పేరాలో కథకుడే ‘‘రాత్రి రెండింటికి అతను ఫోన్ చేశాడు’’ అని రాశారు. చివరికొచ్చాక పాఠకుడు ఆశ్చర్యపోడు, మోసపోయానని పుస్తకం మూసేస్తాడు. లారీ డ్రైవరు ‘‘వాడు చెప్పాడు’’ అంటే తప్పులేదు. డ్రైవరుకి తెలియదు, మగవాడే అనుకున్నాడు. కథకుడికి అన్నీ తెలుసు. ఆ నోట ‘చేశాడు’ వస్తే అది అబద్ధమే.

మన క్రియ చివర్లోనే మనిషి బయటపడతాడు. ‘చేశాడు’ అంటే మగవాడు. ‘చేసింది’ అంటే ఆడమనిషి. ‘చేశారు’ అన్నారనుకోండి, ఆడా మగా తెలియదు, ఒకరో పదిమందో కూడా తెలియదు. ఇంత మంచి చీకటి భాషే ఇస్తుంటే పొగ ఎందుకు?

మన బస్టాండులో, మండీలో చెవి పెట్టండి. ‘‘పైనుంచి చెప్పినారంట.’’ ఎవరు చెప్పారో లేదు. ‘అంట’ అనేశారు కాబట్టి ఆ మాట మోసుకొచ్చినవాళ్ళ పూచీ కూడా లేదు. రెండు మాటల్లో ఒక నాయకుడు దాక్కున్నాడు.

‘రు’ పెట్టగానే పని అయిపోదు. కథంతా అందరూ ‘వచ్చాడు, పోయాడు’ అయి, ఒక్కరే ‘చెప్పారు’ అయితే ఆ ‘రు’ మీద లైటు వేసినట్టే. మేస్త్రీకి, టీ కొట్టు ఆయనకి, ఎస్సైకి కూడా అక్కడక్కడ ‘రు’ పంచండి. అలాగని ‘చెప్పబడింది’ అని మాత్రం రాయొద్దు, అలా ఎవరూ మాట్లాడరు. పిలుపులు కూడా పట్టిస్తాయి. పెద్దాయన, అన్న, సార్, దొర, అన్నీ మగవే. నేనైతే ఊరి పేరు వాడతాను. ‘‘రేణిగుంట వాళ్ళు ఒప్పుకోరు’’ అంటే చాలు. ఊరికి ఆడా మగా ఉండదు.

మరి దాక్కున్న మనిషిని బయటికి రప్పించాలంటే? ఎక్కువమంది పోలీసు దాడి పెట్టారు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర కథ గుర్తుచేసుకోండి. ఆడవాళ్ళని చెరిచిన పాలెగాడు అమ్మకి భయపడి దాక్కున్నాడు. అమ్మ బైరాగి వేషం వేసింది, బండ వేషం వేసింది, తోటి వేషం వేసింది. రాలేదు. దొర వేషంతో వచ్చినప్పుడు వచ్చాడు, వచ్చింది నిజంగా దొరే అనుకుని. పైవాడి ముందు నిలబడక తప్పదనే వాడి బుద్ధే వాడిని గడప దాటించింది. మీ నాయకుణ్ణి కూడా అలా వాళ్ళ బుద్ధే బయటికి తేవాలి. జాతర నాళ్ళలో ఊరు ఊరంతా వేషాలు కట్టి తిరిగేది ఆ దాక్కున్నవాడి వల్లే కదా, అది కూడా గమనించండి.

షెర్లాక్ హోమ్స్ కథల్లో తెరవెనక ఉండి నేరాలు నడిపే ప్రొఫెసర్ మోరియార్టీ గురించి ఇద్దరు అడిగారు. 1893 నాటి ఆ మొదటి కథలో ఆయన గొప్పతనమంతా హోమ్స్ నోటితోనే వింటాం. వాట్సన్‌కి దూరంనుంచి ఒక ఆకారం కనపడుతుంది, అంతే. పేరు నిలిచిపోయింది, నిజమే. అయినా నాకు ఆ పద్ధతికంటే మేస్త్రీ గొంతు తగ్గించడమే ఇష్టం.

సాధన. ఎర్రచందనం వదిలేయండి. దామలచెరువు మామిడి మండీ, జూన్ నెల, తోతాపురి లోడుతో ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. నిన్నటి ధర ఇవాళ లేదు. ఒక రైతు, ఒక హమాలీ, ఒక గుమాస్తా. ధర తగ్గించిన మనిషి కనపడకూడదు, ఫోన్ మోగకూడదు, పేరు రాకూడదు. నాలుగు వందల మాటలు. రాశాక ఆ మనిషి ఆడమనిషి అనుకుని మొదటినుంచి చదవండి, తర్వాత మగవాడనుకుని చదవండి. రెండుసార్లూ ఒక్క అక్షరం మార్చే అవసరం రాకూడదు. చివరగా ఇంట్లో ఒకరిచేత గట్టిగా చదివించి, ధర తగ్గించింది ఆడా మగా అని అడగండి. వెంటనే జవాబు వస్తే, ఏ మాట దగ్గర తెలిసిందో అడిగి, దానికింద గీత గీసి పంపండి.